దినసరి రాకపోకలకు చిన్నకారు

గ్రామములలో కారు కొనవలెనను మాట పిల్లల నోట పుట్టి పెద్దల చేవ్రాలుతో ముగియుచుండుట మీ రెఱిగినదే. కుమారుడు పట్టణమున ఉద్యోగము చేయుచుండును. ప్రతిదినము ఊరినుండి పోయి రావలెను. హైవేపై లారీల నడుమ అతడు మోటారుసైకిలు నడుపుకొని వచ్చువరకు ఇంటనున్న తల్లికి మనసు నిలువదు. తుదకు కారు కొందమందురు. ఏ కారు, ఏ రంగు అనునది పిన్నలు నిర్ణయింతురు. ముందుగా కట్టవలసిన సొమ్ము సమకూర్చుటయు, అప్పు పత్రముపై హామీగా చేవ్రాలు చేయుటయు పెద్దల వంతు. కావున స్టీరింగు పట్టనివారు సైతము కారు ఖర్చు ఎట్లు పుట్టునో ఎఱిగియుండుట మేలు. నేడు ఆ లెక్కనే కొంత విప్పి చెప్పెదను.

మన అనంతపురపు మెట్టసీమలో ఈ లెక్క డెల్టా సీమలలోని లెక్క వంటిది కాదు. ఏటికి మనకు వచ్చు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు విత్తు వేళకు కురియునో, కోత వేళకు కురియునో చెప్పజాలము. వేరుసెనగ పండిన యేట చేతిలో నాలుగు రూపాయలాడును. ఊడలు దిగు వేళ వాన మొగము చాటుచేసిన యేట పశువుల మేతకు కట్టె తప్ప మిగులదు. కారు వాయిదాకు మాత్రము కార్తెలతో పనిలేదు. అది నెలకొకసారి తప్పక వచ్చును. కావున ఏ కారు చౌక అని అడుగుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుదుము? వాయిదా కట్టునది జీతమా, పంటయా? ఈ రెంటికిని బదులు దొరికిన పిమ్మట కారు పేరు వెదకుట సులభము.

చౌక కారు అను మాట మన దేశమునకు క్రొత్తది కాదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు దాని వెల సుమారు ఏబదివేల రూపాయలు. తేలికయైన బండి, చిన్న ఇంజను. విడిభాగములు ఎక్కడనైనను దొరకెడివి. ఏ చిన్న ఊరి మెకానిక్కైనను దానిని విప్పి బిగింపగలిగెడివాడు. అందుచేతనే అది ముప్పది యేండ్లు నిలిచి, 2014లో గాని దాని తయారీ ఆగలేదు. తరువాత 2009లో లక్ష రూపాయల కారని టాటా నానో వచ్చెను. లోకమంతయు దానిని వింతగా చూచెను. అయినను కొనువారు క్రమముగా తగ్గి 2018లో దాని తయారీ నిలిచిపోయెను. కారణములు పెక్కు చెప్పుదురు. అన్నిటికంటె చౌకదియన్న పేరే దానికి బరువైనదని ఎక్కువమంది తలంతురు. ఇంటి ముందర నిలిపిన కారు పదిమంది కంట పడును గదా! పరువు కొఱకు కొంత చెల్లించుట తప్పని నేననను. ఎంత చెల్లించుచున్నామో తెలిసి చెల్లింపవలెనని మాత్రము కోరుదును.

ఇక్కడ పెద్దలు కొందరు వేయు ప్రశ్న యొకటి కలదు. కార్లు మన గడ్డమీదనే తయారగుచుండగా వేరొక కారేల? నిజమే. విజయనగర రాజులకు ఒకప్పుడు రాజధానియైన పెనుకొండ చెంత, ఎఱ్ఱమంచి వద్ద కియా కర్మాగారము వెలసినది. 2017లో ఒప్పందము కుదిరెను. 2019 ఆగస్టులో సెల్టాస్ అను మొదటి కారు బయటికి వచ్చెను. ఏటికి మూడు లక్షల కార్లు చేయగల కర్మాగార మది. హంద్రీ-నీవా కాలువ నీరు చేరు గొల్లపల్లి జలాశయమునుండి దానికి నీటి వసతి కల్పించిరి. 2022 ఏప్రిలు 4 నుండి ఆ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను మనము దానిని పరాయిదిగా నెంచము. అయితే అచ్చట తయారగు కార్లలో చిన్నదియైన సోనెట్ కూడ అన్ని హంగులు కోరువారికై చేసినది. మార్కెట్టులో మిక్కిలి తక్కువ వెలకు దొరకు కార్ల వరుసలోనిది కాదు. మన ముంగిట తయారైనంత మాత్రమున మనకు వెల తగ్గింపరు. అభిమానము నుంచుకొందము, లెక్క వేరుగా చూతము.

చిన్నకారు అను దానికి ప్రభుత్వపు నిర్వచనము కలదు. 2006 కేంద్ర బడ్జెటులో ఈ కొలత ఏర్పడెను: పొడవు నాలుగు మీటర్లు, పెట్రోలు ఇంజను 1200 సి.సి., డీజిలు ఇంజను 1500 సి.సి. మించరాదు. ఈ కొలతకు లోబడినవానిపై పన్ను తక్కువ. కొన్ని కార్ల వెనుక భాగము ఎవరో కత్తిరించినట్లు కనబడుటకు కారణ మిదియే. 2025 సెప్టెంబరు 22 నుండి ఇట్టి కార్లపై జి.ఎస్.టి. 18 శాతమాయెను, అంతకుముందు పెట్రోలు చిన్నకారుపై సెస్సుతో కూడ 29 శాతముండెను. నాలుగు మీటర్ల గీత దాటిన కార్లపై 40 శాతము. కావున దినసరి ప్రయాణము కొఱకే కొనువారు ఆ గీత దాటకుండుట మంచిది.

ఇక మైలేజి. షోరూములో చెప్పు అంకె అబద్ధము కాదు గాని అది మన రోడ్డుమీది అంకెయు కాదు. పరీక్షాశాలలో కారును రోలర్లపై నిలిపి, నిర్ణయించిన వేగములతో, ఏ.సి. వేయకుండ నడిపి దానిని తేల్చుదురు. ఆల్టో కె10కు లీటరుకు 24 కిలోమీటర్లకు పైగాను, సెలేరియోకు 25కు పైగాను ప్రకటించిన అంకెలు ఇట్లు వచ్చినవే. మన యెండలు నలుబది డిగ్రీలు దాటును; ఏ.సి. లేక మధ్యాహ్నము ప్రయాణము సాగదు. ఊరూరను వేగనిరోధకములు, గేదెలు, గొఱ్ఱెల మందలు. అందువలన ప్రకటించిన అంకెలో నాలుగవ వంతు తీసివేసి లెక్క వేసికొనుట క్షేమము.

ఒక ఉదాహరణము చూతము. పట్టణము 30 కిలోమీటర్ల దూరమున నున్నది. పోయి వచ్చుటకు 60; నెలకు 25 దినములు; మొత్తము 1500 కిలోమీటర్లు. లెక్క సులువుగా నుండుటకై లీటరు పెట్రోలు 110 రూపాయలనుకొందము. లీటరుకు 16 కిలోమీటర్లు నడచు కారు నెలకు 94 లీటర్లు త్రాగును. ఖర్చు సుమారు 10,300 రూపాయలు. 20 కిలోమీటర్లు నడచునది 75 లీటర్లతో తృప్తిపడును, ఖర్చు 8,250. నెలకు రెండువేలకు పైగా తేడా. అయిదేండ్లలో అది లక్షా ఇరువదివేలు దాటును. అట్టి ఇంటివారు మైలేజి కొఱకు కొంత హెచ్చు వెల పెట్టుట న్యాయమే. ఇప్పుడు పట్టణము అయిదు కిలోమీటర్ల దూరముననే యున్నదనుకొనుడు. నెలకు 250 కిలోమీటర్లు. మొదటి కారుకు 1,720 రూపాయలు, రెండవదానికి 1,375. తేడా నెలకు మూడువందల నలుబది యైదు. దీనికొఱకు లక్ష రూపాయలు ఎక్కువ పెట్టినచో ఆ లక్ష తిరిగి చేతికి రాదు. అంతలోపల కారే పాతదై పోవును.

ఇందులో మఱియొక చిక్కు కలదు. మైలేజి అంకె పెరిగిన కొలదియు దానివలని లాభము తగ్గుచుండును. పై 1500 కిలోమీటర్లకే చూడుడు. లీటరుకు 12 ఇచ్చు కారునుండి 15 ఇచ్చు కారుకు మారినచో 25 లీటర్లు మిగులును. 20 ఇచ్చు కారునుండి 25 ఇచ్చు కారుకు మారినచో మిగులునవి 15 లీటర్లే. ఐరోపాలో లీటరుకు ఎన్ని కిలోమీటర్లని కాక, నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని చెప్పుదురు; ఆ పద్ధతిలో ఈ మోసము కంటికి తగులును. మీరును నూరు కిలోమీటర్ల లెక్కనే అడుగుడు. ఇరువది పైబడిన కార్ల నడుమ ఒకటి రెండు కిలోమీటర్ల తేడాకై వాదులాడుట వృథా. ఆ శ్రద్ధ సర్వీసు చేయువాడు ఎంత దూరమున నున్నాడో కనుగొనుటయందు చూపుట మేలు.

ఇంధనము విషయము. సి.ఎన్.జి. కారుకు వెల తొంబదివేలు హెచ్చని, కిలో వాయువు 90 రూపాయలని, కిలోకు 26 కిలోమీటర్లు నడచునని అనుకొందము. నెలకు 1500 కిలోమీటర్లు తిరుగువారికి మూడువేలు మిగులును. ముప్పది నెలలలో ఆ తొంబదివేలు తిరిగి వచ్చును. 250 కిలోమీటర్లు తిరుగువారికి పదునాలుగేండ్లకు పైగా పట్టును! అదియును బంకు దారిలో నున్నప్పటి మాట. వాయువు నింపుటకై పది కిలోమీటర్లు అడ్డదారి పోవలసివచ్చినచో లాభము దారిలోనే కరగిపోవును. సామాను పెట్టె స్థలమును చాలవరకు సిలిండరే ఆక్రమించునని మఱువరాదు. డీజిలు చిన్నకార్లు నేడు చాలవరకు మాయమైనవి. 2020 ఏప్రిలు 1న కఠినమైన పొగ నిబంధనలు వచ్చినప్పుడు మారుతివారు డీజిలునే విడిచిపెట్టిరి. నేడు బంకులలో పోయు పెట్రోలులో ఇరువది శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలులోని శక్తి పెట్రోలుకంటె మూడవ వంతు తక్కువ. కావున మైలేజి కొలదిగా తగ్గుట సహజము. 2023 ఏప్రిలుకు ముందు తయారైన పాత కారు కొనువారు, ఈ మిశ్రమము దాని గొట్టములకు సరిపడునో లేదో కంపెనీ పుస్తకములో చూచుకొనవలెను.

విద్యుత్తు కారును గూర్చి పెద్దలకు అనుమానము మెండు. కాని దినమునకు అరువది కిలోమీటర్లు, రాత్రి ఇంటనే నిలుపుట, ఈ రెండును గలవారికి అది చక్కగా అమరును. యూనిటుకు ఏడు కిలోమీటర్లని, యూనిటు వెల ఎనిమిది రూపాయలని ఉంచినను నెలకు 1,700 రూపాయలతో పని తీరును. కొనునప్పటి వెల ఎక్కువ. బాగుచేయువారు ఇంకను పట్టణములలోనే యున్నారు. ఒక హెచ్చరిక. బోరు మోటారుకు వ్యవసాయము నిమిత్తమిచ్చిన ఉచిత విద్యుత్తునకు కారును తగిలించుట చట్టరీత్యా అనధికార వినియోగము. ఇంటి మీటరు, మంచి ఎర్తింగు, వేరు తీగ, ఇవి ముందు చూచుకొనవలెను.

ఇంతవరకు చెప్పినది ఇంధనపు లెక్క. ఇంటిని కుదిపివేయునది అప్పు లెక్క. తొమ్మిది శాతము వడ్డీకి అయిదు లక్షలు అయిదేండ్లకు తెచ్చినచో నెలకు సుమారు 10,380 రూపాయలు కట్టవలెను. వడ్డీ మొత్తము లక్షా ఇరువదిరెండువేలు దాటును. వాయిదా తేలికగా నుండునని ఏడేండ్లకు పొడిగించినచో నెలకు 8,045 అగును గాని, వడ్డీ లక్షా డెబ్బదియైదువేలు దాటును. పై ఉదాహరణములోని ఇంటికి వాయిదా, పెట్రోలు, భీమా, సర్వీసు కలిసి నెలకు ఇరువదివేలు మించును. నలుబదివేల జీతములో సగము కారే మ్రింగును. జీతము గలవారు ఇది తెలిసి కట్టుకొనవచ్చును. పంటమీద ఆధారపడినవారు నెలవాయిదాకు తల యొగ్గుట ప్రమాదమని నా గట్టి అభిప్రాయము. రెండు కారులు వరుసగా ఎండినచో, కారును ఋణదాత తీసికొనిపోవుటయే కాక, హామీ పడిన తండ్రిని బాకీ వెన్నాడును. పొలము కుదువబెట్టియో, పంట పేర తెచ్చిన ఋణమును మళ్లించియో కారు కొనుట వద్దు. కారు విలువ ఏటేట తగ్గును. దానికై తెచ్చిన అప్పు ఆ వేగముతో తగ్గదు.

షోరూమువారు చెప్పు వెలకును, కారు రోడ్డెక్కు వెలకును నడుమ జీవితపన్ను, రిజిస్ట్రేషను, భీమా ఉండును. క్రొత్తకారుకు మూడేండ్ల థర్డుపార్టీ భీమా 2018 సెప్టెంబరు 1 నుండి తప్పనిసరియైనది. భీమాను షోరూములోనే తీసికొనవలెనను నిర్బంధము మాత్రము లేదు. బయట విచారించినచో కొన్నివేలు తగ్గవచ్చును.

బస్సు మాట ఎత్తకుండుట న్యాయము కాదు. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకముచే రాష్ట్రములోని ఆడువారు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో చార్జీ లేకయే ప్రయాణము చేయుచున్నారు. కోడలి ఉద్యోగము కొఱకే కారు కొనదలచిన ఇంట, బస్సు వేళకు వచ్చు ఊరైనచో, కారు ఖర్చును పోల్చవలసినది సున్నతో. బస్సు వేళకు రాని ఊళ్లు మనకు చాల గలవు. అక్కడ లెక్క వేరు.

తేలికయైన కారు పెట్రోలు మిగుల్చునని చెప్పితిని. గుత్తినుండి అనంతపురము, రాప్తాడు, పెనుకొండల మీదుగా బెంగుళూరునకు పోవు 44వ జాతీయ రహదారిపై ఆ తేలికబండి ప్రక్కనే ఎంతో బరువు లారీలు పరుగిడుచుండును. గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ కార్లను గోడకు గ్రుద్దించి పరీక్షించి నక్షత్రము లిచ్చును. అయిదు నక్షత్రములు ఉత్తమము. 2023లో ఆల్టో కె10కు పెద్దల రక్షణ విషయమున రెండు, వ్యాగన్ ఆర్‌కు ఒకటి వచ్చినవి. 2020లో టియాగోకు నాలుగు, 2021లో టాటా పంచ్‌కు అయిదు, 2024లో క్రొత్త డిజైరునకు అయిదు వచ్చినవి. తరువాత కొన్ని కార్లకు గాలిసంచులు పెంచిరి. 2023 అక్టోబరునుండి మన ప్రభుత్వమువారి భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలును జరుగుచున్నవి. ఊరినుండి మండలకేంద్రమునకు నెమ్మదిగా పోయి వచ్చువారికి ఇది రెండవ మాట. దినమును హైవే ఎక్కువారికి ఇదియే మొదటి మాట. లీటరుకు రెండు కిలోమీటర్లు తగ్గినను ఆ యింటివారు నక్షత్రములనే చూడవలెను. మోటారుసైకిలు మాని కారు కొందమన్నది అందుకే గదా.

రొక్కము గలిగి, వాయిదా వద్దనువారికి పాతకారు మంచి మార్గము. నాలుగైదేండ్ల కారు మొదటి యజమానియొద్దనే చాల వెల పోగొట్టుకొని యుండును. నమ్మకమైన మెకానిక్కును వెంటబెట్టుకొని పగటివేళ చూడుడు. సర్వీసు పుస్తకమును తిరిగిన కిలోమీటర్ల అంకెతో పోల్చుడు. ఆర్.సి.లో ఫైనాన్సు వారి పేరున్నచో, అప్పు తీరినట్లు పత్రము తెచ్చి ఆ పేరు కొట్టివేయించువరకు పూర్తి సొమ్ము ఇయ్యరాదు. ట్రాఫిక్ చలానాలు మిగిలియున్నవేమో చూడుడు. ఆర్.సి. మీ పేర మారువరకు ఆ కారు మీది కాదు. భీమాయు మీ పేర మారవలెను.

కొన్న తరువాత నడపుటయందును డబ్బు కలదు. గంటకు అరువది కిలోమీటర్లతో పోవు కారు నూటితో పోవుదానికంటె స్పష్టముగా తక్కువ త్రాగును. గాలి తాకిడి వేగముకంటె త్వరగా పెరుగుటయే కారణము. ఆషాఢమాసమున మనకు వీచు గాలి సామాన్యమైనది కాదు. రామగిరి కొండలపై గాలిమరలు నిలిపినది ఆ గాలినే నమ్మి. దాని కెదురుగా పోవునప్పుడు వేగము తగ్గించుట మంచిది. టైర్లలో గాలిని ప్రయాణమునకు ముందు, చల్లగా నుండగా చూడవలెను. దుమ్ము మెండు గనుక గాలి ఫిల్టరును పుస్తకములో చెప్పిన గడువుకంటె ముందే దులిపించుడు. రేడియేటరులో బోరునీరు పోయవద్దు. మన నీటిలోని సున్నము లోపల పేరుకొని ఇంజనును వేడెక్కించును.

నిజమైన మైలేజి తెలిసికొనుటకు ఉపాయము తేలిక. ట్యాంకును నిండుగా నింపి కిలోమీటర్ల అంకె వ్రాసికొనుడు. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగిన పిదప అదే బంకులో మరల నిండుగా నింపుడు. తిరిగిన కిలోమీటర్లను ఇప్పుడు పట్టిన లీటర్లతో భాగించినచో వచ్చునదే మీ కారు మైలేజి. పద్దు పుస్తకములో ప్రతి నెలయు ఆ అంకె వ్రాయుచుండినచో, ఒక నెల అది రెండు మూడు కిలోమీటర్లు పడిపోయినప్పుడు టైరులో గాలి తగ్గినదో, బ్రేకు పట్టుకొన్నదో, లేక కారు ఆఫీసునకే కాక ఇంకెక్కడికైన తిరిగినదో మీకు తెలియవచ్చును.